ట్యాంకు నుంచి గ్లాసు దాకా: డిగ్రీ చదువుతూనే నీటి పరిశోధన మొదలుపెట్టడం ఎలా

సివిల్ బీటెక్ విద్యార్థి క్లోరిన్ డోసు లెక్క నేర్చుకుంటాడు. ఎంబీబీఎస్ విద్యార్థి, నీటికి ఎంత బ్లీచింగ్ పొడి కావాలో తేల్చే హారాక్స్ పరికరం ముందు కూర్చుని ఏ కప్పులో నీలం రంగు వచ్చిందో చూస్తాడు. ట్యాంకులో క్లోరిన్ కలిపిన నీళ్ళు చివరి ఇంటి బిందెలోకి చేరేసరికి ఏమయ్యాయన్నది మాత్రం ఇద్దరి రికార్డు పుస్తకాల్లోనూ ఉండదు. డిగ్రీ స్థాయిలో చేయదగ్గ పరిశోధన చాలామటుకు ఆ మధ్య దారిలోనే ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థను 1958లో పెట్టినప్పుడు దాని పేరు కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ. 1974లో పేరు జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి)గా మారింది కానీ, ప్రజారోగ్యమూ ఇంజనీరింగూ ఒకే పని అన్న ఆ పాత పేరులోని మాట ఈనాటికీ నిజమే.

ఇంటర్న్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు వందల మెయిళ్ళు వెళ్తుంటాయి. అన్నిట్లోనూ మార్కుల శాతం, ఆసక్తి, కష్టపడతానన్న హామీ ఉంటాయి. సొంతంగా కొలిచిన పది అంకెలు ఉన్న మెయిల్ అరుదు. అందుకే ఇక్కడ ముందు ఎనిమిది వారాల చిన్న అధ్యయనం ఎలా చేయాలో చెబుతున్నాం. ఎక్కడ దరఖాస్తు చేయాలన్నది ఆ తర్వాత. పెద్ద ల్యాబుల దగ్గర లేనిది ఒకటి మీ దగ్గర ఉంది: ఒకే ఊళ్ళో లేదా ఒకే హాస్టల్లో వారాల తరబడి ఉండి, ఒకే కుళాయి దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళగల వీలు.

ప్రశ్న

"మా జిల్లాలో నీటి నాణ్యత" అన్నది ప్రశ్న కాదు. "మా ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరున్న ఫ్రీ క్లోరిన్‌లో (అంటే దేనితోనూ కలిసిపోకుండా నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్‌లో) ఎంత చివరి వీధి కుళాయికి చేరుతోంది, ఎంత ఇంట్లో తాగే గ్లాసుకు చేరుతోంది" అన్నది ప్రశ్న. మొదటిదానికి ముప్పై ఊళ్ళు తిరగాలి, తిరిగినా ఒక్కో ఊళ్ళో ఒక్కో నమూనాయే దొరుకుతుంది. రెండోదానికి ఒక సైకిలు చాలు.

పోల్చుకోవడానికి ప్రమాణం ఉంది. తాగేనీటికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500:2012 ప్రకారం నీటిలో మిగులు ఫ్రీ క్లోరిన్ కనీసం 0.2 మి.గ్రా./లీ. ఉండాలి. వైరస్‌ల నుంచి రక్షణ కావాలంటే కనీసం 0.5. ఏ 100 మి.లీ. నమూనాలోనూ మలకాలుష్యాన్ని తెలిపే ఈ-కోలై బ్యాక్టీరియా కనిపించకూడదు.

ఏమేం కావాలి

ఆరు చోట్ల నమూనాలు తీయండి: ట్యాంకు అవుట్‌లెట్, దానికి దగ్గరి కుళాయి, మధ్య వీధి కుళాయి, చివరి కుళాయి, ఆ చివరి ఇంట్లో నిల్వ ఉన్న బిందె లేదా డ్రమ్ము, అదే ఇంట్లో తాగే గ్లాసు. వారానికి రెండు రోజులు, ఎనిమిది వారాలు. అంటే 96 నమూనాలు. పదింటికి ఒకటి చొప్పున డూప్లికేట్లు (అదే నీటిని రెండోసారి కొలవడం), సుమారు 10. రోజుకొక బ్లాంక్ (క్లోరిన్ లేని డిస్టిల్డ్ వాటర్‌తో తీసే రీడింగు), 16. కింద చెప్పబోయే సీసా పరీక్షకు మరో 24. మొత్తం 146 రీడింగులు. విరిగేవీ తడిసేవీ పోను చాలాలంటే ఫ్రీ క్లోరిన్ ఉన్న నీటిని గులాబీ రంగుకు మార్చే డీపీడీ నంబర్ 1 మాత్రలు 200 కొనండి. మాత్ర చుట్టూ ఉన్న అల్యూమినియం రేకు చిరిగితే దాన్ని పారేయాల్సిందే. తేమ తగిలిన మాత్ర గులాబీ రంగుకు తిరుగుతుంది, దానితో తీసిన రీడింగు నమ్మడానికి లేదు.

వాటితో పాటు కావాల్సినవి: రంగు పోల్చే కంపారేటర్ లేదా కాలేజీ ల్యాబులో అరువు దొరికే చిన్న కలరీమీటర్, పీహెచ్ మీటరు, దాన్ని సరిచూసే 7.0, 9.2 బఫర్ ద్రావణాలు, థర్మామీటరు, ముదురు గోధుమరంగు 125 మి.లీ. గాజు సీసాలు ఆరు, డిస్టిల్డ్ వాటర్, మలకాలుష్యం ఉంటే నల్లబడే హైడ్రోజన్ సల్ఫైడ్ వయల్స్ (చిన్న సీసాలు) 40. ఈ వయల్ పరీక్ష మన దేశంలోనే పుట్టింది. గ్వాలియర్ రక్షణ పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు 1982లో దాన్ని ప్రచురించారు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు.

చాలా ఊళ్ళలో ఇప్పటికీ ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి పసుపు రంగు చూస్తున్నారు. పరిశోధనకు అది పనికిరాదు. ఫ్రీ క్లోరిన్‌నూ, అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్‌నూ అది నమ్మకంగా వేరు చేయలేదు. పైగా ఆ రసాయనం చర్మానికి తగలడం మంచిది కాదు. డీపీడీనే వాడండి.

నమూనా తీసే పద్ధతి

ముందు పంచాయతీ కార్యదర్శినీ, వాటర్‌మన్‌నూ కలిసి చెప్పి, రాతపూర్వక అనుమతి తీసుకోండి. వాటర్‌మన్‌ను మీ అధ్యయనంలో భాగస్వామిగా చూడండి. బ్లీచింగ్ ఏ రోజు ఎంత వేశారో, వాల్వు ఏ గంటకు తిప్పారో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. తప్పు పట్టడానికి వచ్చారనుకుంటే ఆ వివరాలు మీకెప్పటికీ అందవు.

కుళాయికి రబ్బరు పైపు తగిలించి ఉంటే తీసేయండి. రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలి, టెస్ట్ ట్యూబును ఆ నీళ్ళతోనే రెండుసార్లు తొలిచి, 10 మి.లీ. గీత దాకా నింపండి. మాత్రను చేత్తో ముట్టుకోకుండా రేకులోంచి నేరుగా ట్యూబులో వేసి, శుభ్రమైన కడ్డీతో నలిపి కలపండి. ఒక నిమిషంలోపు రీడింగు తీయాలి. ఆలస్యమైతే కలిసిపోయిన క్లోరిన్ కూడా రంగునిస్తుంది, అంకె దొంగతనంగా పెరుగుతుంది. నమూనాను ల్యాబుకు తీసుకెళ్ళి కొలుద్దామనుకోకండి. ఎండకూ కుదుపుకూ దారిలోనే క్లోరిన్ పోతుంది.

మన ఊళ్ళలో నీళ్ళు రోజంతా రావు. పైపు ఖాళీగా ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి ఉండదు కాబట్టి, లీకుల గుండా పక్క కాలువ నీరు లోపలికి చేరే అవకాశం ఉంది. అందుకని చివరి కుళాయి దగ్గర మాత్రం నీళ్ళు వదిలిన మొదటి నిమిషంలో ఒకటి, పదిహేను నిమిషాల తర్వాత ఒకటి తీయగలిగితే చాలా మంచిది. ఈ రెండు అంకెల తేడా ఒక్కటే ఒక పేజీ నివేదికకు సరిపడా సంగతి చెబుతుంది. హుబ్బళ్ళి-ధార్వాడలో 24 గంటల సరఫరానూ, విడతల సరఫరానూ పోల్చి చేసిన పరిశోధనలు చదివితే ఈ పద్ధతి ఎంత దూరం వెళ్ళగలదో తెలుస్తుంది.

ప్రతి రీడింగు పక్కనా సమయం, ఉష్ణోగ్రత, పీహెచ్ రాయండి. పీహెచ్ వదిలేస్తే సగం అర్థం పోయినట్టే. పీహెచ్ 7.5 దగ్గర ఫ్రీ క్లోరిన్‌లో దాదాపు సగం హైపోక్లోరస్ ఆమ్లంగా ఉంటుంది, క్రిములను బాగా చంపేది అదే. 8.5 దగ్గర అది పదో వంతుకు పడిపోతుంది. 0.3 అని ఒకే అంకె వచ్చినా రెండు ఊళ్ళలో దాని బలం ఒకటి కాదు.

సీసా పరీక్ష: క్లోరిన్‌ను తినేస్తున్నది నీరా, పైపా

చాలా విద్యార్థి నివేదికలు "చివరి కుళాయిలో క్లోరిన్ సున్నా" దగ్గర ఆగిపోతాయి. ఎందుకు సున్నా అయిందో చెప్పగలిగితేనే అది పరిశోధన. అందుకు ఖర్చులేని పరీక్ష ఒకటుంది.

ఆరు గోధుమరంగు సీసాలను లీటరుకు సుమారు 10 మి.గ్రా. క్లోరిన్ ఉన్న నీళ్ళతో నింపి ఒక రాత్రంతా ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో బాగా కడగండి. ఇలా చేయకపోతే గాజుకు అంటుకున్న మురికే క్లోరిన్‌ను తింటుంది. తర్వాత ట్యాంకు అవుట్‌లెట్ నీటిని అంచుదాకా, గాలి మిగలకుండా నింపి మూత పెట్టి నీడలో ఉంచండి. వెంటనే ఒక సీసా, అరగంటకు ఒకటి, ఆ తర్వాత 1, 2, 4, 8 గంటలకు ఒక్కొక్కటి తెరిచి కొలవండి. తెరిచిన సీసాను మళ్ళీ వాడకండి. ఎనిమిది వారాల్లో నాలుగు రోజులు ఇలా చేస్తే ఆ 24 రీడింగులు పూర్తవుతాయి.

సీసాలో నాలుగు గంటలకు క్లోరిన్ కొద్దిగానే తగ్గి, నీళ్ళు గంటలో చేరే చివరి కుళాయిలో మాత్రం సున్నా ఉంటే, లోపం పైపుది. గోడలకు పట్టిన పాచి పొర కావచ్చు, తుప్పు కావచ్చు, లీకు కావచ్చు. సీసాలో కూడా అంతే వేగంగా పడిపోతే నీటిలోనే ఏదో ఉంది: సేంద్రియ పదార్థం, అమ్మోనియా, ఇనుము. మొదటిదానికి పైపు బాగుచేయాలి, రెండోదానికి శుద్ధి మార్చాలి. ఈ తేడా తెలియకుండా బ్లీచింగ్ ఎంత పెంచినా ట్యాంకు దగ్గరి ఇళ్ళవాళ్ళకు వాసన పెరగడం తప్ప చివరి వీధికి ఒరిగేదేమీ ఉండదు.

బ్లీచింగ్ లెక్క కూడా ఒకసారి చేసి చూడండి. 40,000 లీటర్ల ట్యాంకుకు 2 మి.గ్రా./లీ. డోసు కావాలంటే 80 గ్రాముల క్లోరిన్ కావాలి. పొడిలో 25 శాతం క్లోరిన్ ఉంటే 320 గ్రాముల పొడి. మూతి విప్పిన సంచి తేమలో వారాల తరబడి పడి ఉండి 15 శాతానికి దిగజారితే, అదే 320 గ్రాములు ఇచ్చేది 48 గ్రాములే, అంటే 1.2 మి.గ్రా./లీ. కొలతలో పొరపాటు లేకపోయినా డోసు నలభై శాతం తగ్గిపోయింది. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అయోడోమెట్రీ టైట్రేషన్‌తో ఆ పొడి బలాన్ని మీరే కొలవచ్చు.

బ్యాక్టీరియా

వారానికి ఒకరోజు చివరి కుళాయి, బిందె, గ్లాసు, ఈ మూడు చోట్ల చేస్తే చాలు. వయల్‌లో గీత దాకా 20 మి.లీ. నీరు పోసి మూత బిగించి, 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంచి, 24 గంటలకూ 48 గంటలకూ చూడండి. నల్లబడితే మలకాలుష్యం ఉండవచ్చని సూచన. చలికాలం ఆదిలాబాద్ రాత్రుల్లో గది ఉష్ణోగ్రత చాలదు, ఇంక్యుబేటర్ లేకపోతే ఫలితం ఆలస్యంగా వస్తుంది. ప్రతి వారం మరిగించి చల్లార్చిన నీటితో ఒక బ్లాంక్ పెట్టండి. బ్లాంక్ నల్లబడితే ఆ వారం ఫలితాలన్నీ పక్కన పెట్టాలి. ఎంత బాధగా ఉన్నా పెట్టాలి.

బోరు నీటిలో సహజంగానే సల్ఫైడ్ ఉంటే వయల్ నీరు పోసిన కొద్దిసేపట్లోనే నల్లబడుతుంది. అది బ్యాక్టీరియా కాదు. అందుకే పోసిన పది నిమిషాలకు ఒకసారి చూసి రాసుకోండి. వయల్ ఫలితం ఉందా లేదా అన్నంతవరకే, ఎంత అన్నది చెప్పదు. సంఖ్య కావాలంటే కొన్ని నమూనాలను గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకో, మైక్రోబయాలజీ విభాగానికో ఇవ్వాలి. వాటిని స్టెరిలైజ్ చేసిన సీసాల్లోనే తీయాలి. 120 మి.లీ. సీసాకు 3 శాతం సోడియం థయోసల్ఫేట్ ద్రావణం 0.1 మి.లీ. ముందే వేసి ఉండాలి. లేకపోతే మిగిలిన క్లోరిన్ దారిలో కూడా క్రిములను చంపుతూనే ఉంటుంది, ల్యాబు మీకు లేని శుభ్రతను చూపిస్తుంది. ఐస్ పెట్టెలో పెట్టి ఆరు గంటల్లోపు చేర్చండి. నల్లబడిన వయల్స్‌లో బ్లీచింగ్ ద్రావణం పోసి అరగంట ఉంచాకే కడగాలి.

పొరపాట్లు జరిగేది ఇక్కడే

నీటిలో క్లోరిన్ మరీ ఎక్కువైతే డీపీడీ రంగు క్షణంలో వచ్చి మాయమవుతుంది, రీడింగు సున్నా వస్తుంది. ట్యాంకులో అప్పుడే బ్లీచింగ్ వేసిన రోజు సున్నా కనిపిస్తే నమ్మకండి. 1 మి.లీ. నమూనాకు 9 మి.లీ. డిస్టిల్డ్ వాటర్ కలిపి మళ్ళీ కొలిచి, పదితో గుణించండి. సన్‌గ్లాసెస్ పెట్టుకుని కంపారేటర్ చూడటం, వీధి దీపం కింద రంగు పోల్చడం లాంటివి చిన్నవిగా అనిపిస్తాయి కానీ అంకెలను చెడగొడతాయి. పగటి వెలుగులో, నేరుగా ఎండ పడకుండా చూడండి.

కంపారేటర్‌లో కనిపించే అతి తక్కువ అంకె 0.1 అయితే, రంగు రాని నమూనాకు "0" అని కాక "<0.1" అని రాయండి. సగటు తీయకండి, మధ్యగతం చెప్పండి. ఒక్క రోజు వచ్చిన 2.0 సగటును ఎక్కడికో తీసుకుపోతుంది. "చివరి కుళాయి నమూనాలు 16లో ఎన్ని 0.2 కన్నా తక్కువ" అన్న లెక్క అందరికీ అర్థమవుతుంది. నోటు పుస్తకంలో పెన్నుతో రాయండి. తప్పైతే ఒక గీత కొట్టి పక్కన రాయండి, వైట్‌నర్ వద్దు. అంకె నచ్చలేదని తీసేయడం పరిశోధనలో క్షమించరాని పని. కారణం రాసి ఉంచితే అదే రేపు అసలు సంగతి కావచ్చు.

మురుగునీటి మీద పనిచేయాలన్న ఆసక్తి 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థలు మురుగులో కరోనా వైరస్ ఆనవాళ్ళు కొలిచాక బాగా పెరిగింది. మంచిదే. కానీ మ్యాన్‌హోల్‌లోకి దిగవద్దు, తల కూడా లోపలికి వంచవద్దు. అందులోని వాయువులు ఒక్క ఊపిరిలో మనిషిని పడేస్తాయి. శుద్ధి కేంద్రం ఇన్‌లెట్ దగ్గర, సిబ్బంది సమక్షంలో, తాడు కట్టిన బకెట్‌తోనే తీయాలి.

ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతమైతే

మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట వర్ణించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. ఆ ప్రాంతాల విద్యార్థులకు ఈ అంశం సహజంగానే దగ్గర. ప్లాస్టిక్ సీసాల్లో తీయండి, గాజు వద్దు. ఫ్లోరైడ్‌ను కొలిచే అయాన్ ఎలక్ట్రోడ్ వాడితే స్టాండర్డ్‌లకూ (గాఢత ముందే తెలిసిన ద్రావణాలకూ) నమూనాలకూ ఒకే ఉష్ణోగ్రత ఉండాలి, బఫర్ ఒకే నిష్పత్తిలో కలపాలి. పదిరెట్ల గాఢత మార్పుకు 54 నుంచి 60 మిల్లీవోల్టుల తేడా రాకపోతే ఎలక్ట్రోడ్‌ను శుభ్రం చేసి మళ్ళీ మొదలుపెట్టండి. స్పాడ్న్స్ అనే రసాయనం రంగుతో ఫ్లోరైడ్ కొలిచే పద్ధతి 1.4 మి.గ్రా./లీ. దాకానే పనిచేస్తుంది, ఎక్కువున్న నీటిని పలచన చేయాలి. పటికతో శుద్ధి చేసిన నీటిలో మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని తక్కువ చూపిస్తుంది. ప్రమాణం 1.0, వేరే నీరు లేనిచోట 1.5 దాకా.

మనుషులను అడిగే ముందు

నీటిని కొలవడానికి పంచాయతీ అనుమతి చాలు. "మీ పాపకు విరేచనాలయ్యాయా" అని అడగాలంటే ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు చదవండి. చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆ కమిటీ ఉండదు, మెడికల్ కాలేజీల్లో ఉంటుంది. అందుకే దగ్గర్లోని ఎంబీబీఎస్ విద్యార్థిని జతగా వెతుక్కోండి. ఇద్దరికీ లాభం. ఆ విద్యార్థి ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు అదే అంశంతో దరఖాస్తు చేయవచ్చు, సొంత కాలేజీలోనే గైడ్ ఉండాలి, పని రెండు నెలలు.

ప్రశ్నపత్రంలో నిర్వచనం ముందే రాయాలి: 24 గంటల్లో మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు పలచగా అయితే విరేచనాలు, గత రెండు వారాల్లో. ముప్పై ఇళ్ళతో "క్లోరిన్ తక్కువైనందువల్లే జబ్బు" అని తేల్చలేరు, తేల్చినట్టు రాయకండి. ఉన్నది ఉన్నట్టు వర్ణించడమే ఈ స్థాయిలో నిజాయితీ.

ఎక్కడ, ఎప్పుడు

బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ రెండు నెలలది. దరఖాస్తులు సాధారణంగా అంతకు ముందు సంవత్సరం చివరి నెలల్లోనే ముగుస్తాయి, ఏప్రిల్‌లో వెతికితే దొరకదు. జర్మనీ విద్యా మార్పిడి సంస్థ డాడ్ ఇచ్చే వైజ్ ఇంటర్న్‌షిప్ పథకానికీ అదే కాలం, కానీ అక్కడి ప్రొఫెసర్ ఆహ్వానపత్రం ముందే చేతిలో ఉండాలి. ఐఐటీ హైదరాబాద్, కాన్పూర్, రూర్కీ, గాంధీనగర్ వేసవి పథకాలకు సంవత్సరం మొదటి నెలల్లో చూడండి. హైదరాబాద్‌లోనే నీరి ప్రాంతీయ కేంద్రం, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, జేఎన్‌టీయూ పర్యావరణ విభాగం ఉన్నాయి. అమెరికాలో చదివే తెలుగు పిల్లలకు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డిగ్రీ విద్యార్థుల పరిశోధన కోసం నడిపే ఆర్‌ఈయూ పథకం సుమారు పది వారాలది. కానీ ఆ డబ్బు పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మాత్రమే. ఎఫ్-1 వీసా మీదున్నవారు తమ యూనివర్సిటీ ల్యాబులోనే క్రెడిట్ల కోసం చేరడం మేలు.

మెయిల్ 150 మాటలు దాటకూడదు. ఒక వాక్యంలో మీరెవరు. రెండు వాక్యాల్లో మీరు ఏం కొలిచారు, ఏం తేలింది. ఆ ప్రొఫెసర్ పేపర్ ఒకటి పూర్తిగా చదివి పద్ధతి మీద ఒక ప్రశ్న. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు. జతగా ఒకే పేజీ: మీ గ్రాఫు, దాని కింద నమూనాల సంఖ్య, బ్లాంకుల ఫలితం. ఒకే మెయిల్‌ను యాభై మందికి పంపితే అది తెలిసిపోతుంది. జవాబు రాకపోతే పది రోజులకు ఒక్కసారి గుర్తుచేయండి, అంతటితో ఆపండి.

ఫలితం ముందు ఊరికి

ప్రొఫెసర్‌కు పంపేలోపే వాటర్‌మన్‌కూ, కార్యదర్శికీ చెప్పండి. చివరి కుళాయి వయల్ నల్లబడితే వారం ఆగకండి. అదే రోజు ఆ వీధి ఆశా కార్యకర్తకు చెప్పి, నీళ్ళు మరిగించి తాగమనండి, మర్నాడే మళ్ళీ నమూనా తీయండి. ఇంటింటికీ ఇచ్చే చీటీలో మూడే సంగతులు తెలుగులో రాయండి: ఏ తేదీన కొలిచాం, ఎంత వచ్చింది, ఎంత ఉండాలి. ఏ అంకె ఎవరి ఇంటిదో తెలిపే పేరు వేరేవాళ్ళకు చూపే కాగితం మీద ఉండకూడదు. కుళాయిలో 0.3 ఉండి గ్లాసులో <0.1 వచ్చిన ఇంటికి మాత్రం నాలుగో వాక్యం కలపండి: బిందెకు మూత పెట్టండి, గ్లాసు ముంచకుండా కాడ ఉన్న గరిటెతో తీయండి.